పత్తియంలో పులుపు మాత్రలు

మా ఇంటి అటక మీద ఒక హార్లిక్స్ సీసా ఉండేది. దాన్లో నారింజ రంగు మాత్రలు. ఆ సీసా సంగతి పదకొండేళ్లు నేను ఎవరికీ చెప్పలేదు. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతనయ్యే పని కాదు. నేను కుళాయి దగ్గర గొంతెత్తితే కోవిల్పట్టి బస్టాండులో బస్సులు ఆగుతాయని మా వీధివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అంత నోరున్నదాన్ని, ఆ ఒక్క విషయంలో బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాను.

ముందు మా ఇల్లెలాంటిదో చెప్పాలి. మేము బడిలో చదివింది తమిళం, గడప దాటితే మాట్లాడేది తమిళం, గడప లోపల మాత్రం తెలుగు. మా నాయన పలక పట్టి నేర్పాడు గనక నాకు ఈ నాలుగు అక్షరాలు రాయడం వచ్చింది. మా అమ్మ నన్ను తన తమ్ముడికే ఇచ్చి చేసింది. కాబట్టి మా అవ్వే నాకు అత్త. పుట్టినప్పటినుంచీ మామా అని పిలిచిన మనిషిని పెళ్లయ్యాక కూడా మామా అనే పిలిచాను.

మామ కడలమిట్టాయి చేసే పట్టడలో, అంటే చిన్న కార్ఖానాలో, పాకం మాస్టరు. వేరుసెనగపప్పు, బెల్లం కలిపి చేసే ఆ బిళ్లలు మా ఊళ్లో చెయ్యని వీధి లేదు. బాణలిలో బెల్లం పాకం ఏ క్షణాన దింపాలో చెప్పేవాడే మాస్టరు. కాస్త ముందైతే మిట్టాయి పళ్లకు అతుక్కుంటుంది, కాస్త ఆలస్యమైతే చేదెక్కుతుంది. అందరూ చుక్క పాకం నీళ్లలో వేసి చూస్తారు. మామకు ఆ అవసరం లేదు, వాసనతో పట్టేవాడు. పొయ్యికి వీపు పెట్టి చేటతో పొట్టు చెరుగుతూనే, వెనక్కి తిరగకుండా ‘దించండ్రా’ అనేవాడు. తాను వీడి ముక్కుకు జీతమిస్తున్నానని ఓనరు పదిమందిలో చెప్పుకునేవాడు. నాకు లోపల గర్వంగా ఉండేది, పైకి మాత్రం ‘ఇంట్లో కూర మాడితే మాత్రం ఆ ముక్కు పని చెయ్యదు’ అని ఎత్తిపొడిచేదాన్ని.

మా పాప ఒకటో క్లాసులో చేరిన ఏడు, తొంభైల నడుమ, మామ వేరుసెనగ మూటల కోసం విరుదునగర్ మార్కెట్టుకు వెళ్లాడు. లారీ మీద మూటలకెక్కి తాడు బిగిస్తుంటే తాడు తెగింది. వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం రాతికట్టకు కొట్టుకుంది.

కబురు తెలిసి నేనూ అవ్వా బస్సెక్కాం. సాత్తూరు దాటేవరకు అవ్వ కొంగుముడి విప్పుతూ కడుతూ కూర్చుంది. తర్వాత నా ముంజేయి పట్టుకుని ‘రగతం పొయ్యిండాదా, లేదా? బయటికి పొయ్యుంటే పరవాలే, లోపల నిలిస్తేనే బయం’ అని అడిగింది. నాకేం తెలుసు? నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను గదా. ఆ కోపం అప్పుడే వచ్చింది, అప్పుడే ఏడుపైపోయింది.

విరుదునగర్‌లో ఒక నర్సింగ్ హోంలో చేర్చారు. స్కానుకు మదురై తీసుకెళ్లి మళ్లీ తెచ్చారు. తల వెనక ఏడెనిమిది కుట్లు పడ్డాయి. మూడు రోజులు పిలిస్తే కళ్లు తెరిచి మూసేవాడు. నాలుగో రోజు తెలివొచ్చి నా వంక చాలాసేపు చూసి, ‘అక్కా’ అన్నాడు. అది మా అమ్మను పిలిచే పిలుపు. నాది మా అమ్మ పోలికే. కానీ అప్పుడు నాకు అది తట్టలేదు. ఇక జీవితమంతా నన్ను అక్కా అనే పిలుస్తాడా, పాప ఎవరో అడుగుతాడా అని మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రానికి ‘ఏమే, కాపీ ఉండాదా?’ అన్నాడు. నేను బయటికెళ్లి గోడకు మొహం పెట్టి ఏడ్చాను.

మెదడు డాక్టరు వయసులో చిన్నవాడు, ఓపికమంతుడు. ఇంటికి పంపేరోజు నన్ను కూర్చోబెట్టి తమిళంలో విడమరిచి చెప్పాడు. ఇనుముకు గాలి, తడి తగిలితే తుప్పు పడుతుంది గదా, దెబ్బ తగిలిన మెదడులో కూడా అలాంటిదే జరుగుతుంది. దెబ్బ ఒకసారే తగిలినా ఆ తుప్పు పక్కనున్న మంచి భాగాన్ని కూడా కొరుకుతూ పోతుంది. తుప్పును అడ్డుకుంటుందని ఈ మాత్రలు రాస్తున్నాను, రెండు నెలలు వాడండి అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు. నా చెవిలో తుప్పు దగ్గరే తాళం పడిపోయింది. మామ తలలో తుప్పు. పాకం వాసన, నా పేరు, పాప మొహం, అన్నిటి మీదా ఎర్రగా తుప్పు.

మందులు రెండు రకాలు. ఒకటి లోపల నూనె ఉన్న మెత్తటి గుళిక. రెండోది నమిలి తినే నారింజ రంగు మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

ఇక్కడ మా పత్తియం గురించి చెప్పాలి. పుస్తకాల్లో పథ్యం అంటారు, మా నోట్లో అది పత్తియం. ఒంటి మీద పుండుంటే మా ఇళ్లల్లో పులుపు ముట్టనివ్వరు. చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ, ఊరగాయ ఏదీ ఉండదు. పులుపు తగిలితే పుండు పులిసి చీము పడుతుందని నమ్మకం. అవ్వకది నమ్మకం మాత్రమే కాదు. ఒట్టపిడారం పక్కన కరిసల్ కాట్లో, అంటే నల్లరేగడి చేలో, మా తాతను ఎద్దు పొడిచింది. పుండు మానుతున్నదని ఎవరో ఆయనకు పులిహోర పెట్టారట. నాలుగు రోజుల్లో జన్నొచ్చి, ఒళ్లు కొయ్యబారి పోయాడు. అప్పటికి మామ అవ్వ కడుపులో ఉన్నాడు.

అందుకే మేము ఇంటికి రాగానే అవ్వ చింతపండు కుండ తీసుకెళ్లి పక్కింట్లో పెట్టింది. ‘నలబై ఎనిమిది దినాలు మే. ఒక్క సుక్క పులుపు నా కొడుకు నాలిక్కి తగిలిందంటే నువ్వే ఆడ్ని మన్నులో పెట్టినట్టు.’

ఆ రాత్రి మొదటి మాత్ర రేకు చింపాను. పిల్లలు తినే మిట్టాయిలా ఘుమఘుమలాడింది. ఎందుకో అనుమానమొచ్చి నాలుక చివర పెట్టుకుని చూశాను. పులుపు. నిమ్మకాయకు తాత లాంటి పులుపు.

డాక్టరుకు మా తాత సంగతి తెలియదు. అవ్వకు డాక్టరు చెప్పిన తుప్పు సంగతి తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అవ్వను అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. డాక్టర్ని అడగాలంటే విరుదునగర్ వెళ్లాలి, వెళ్లి పులుపు పెట్టొచ్చా అని అడిగితే పట్టిక్కాటు పల్లెమనిషని నవ్వుతాడేమోనని సిగ్గు. పదో క్లాసు చదివానని నాకు కాస్త తెలివి కూడా ఉండేది. అదే కొంప ముంచింది. బడిలో టీచరమ్మ మేకుల ప్రయోగం చూపించింది. నీళ్లలో వేసిన మేకు తుప్పు పట్టింది, నూనె రాసిన మేకు పట్టలేదు. అయితే నూనె గుళిక చాలు గదా, ఈ పులుపు మాత్ర ఎందుకు? ఇలా నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

గుళిక క్రమం తప్పకుండా వేశాను. పులుపు మాత్రను మాత్రం పూటపూటా రేకు చింపి, తీసి, ముక్కాలిపీట ఎక్కి, అటక మీద చేతికందే హార్లిక్స్ సీసాలో చూడకుండానే జారవిడిచేదాన్ని. మందును కుప్పలో పారెయ్యడానికి చెయ్యి రాలేదు. నెల తర్వాత చూపించడానికి వెళ్లినప్పుడు ఖాళీ రేకులన్నీ రబ్బరుబ్యాండు వేసి డాక్టరు బల్ల మీద పెట్టాను. ‘ఒక్క పూట కూడా తప్పలేదు సార్’ అన్నాను. ఆయన మెచ్చుకున్నాడు. అందరూ మీలా ఉండాలమ్మా అన్నాడు. ఆ మెప్పు ఇప్పటికీ గుర్తొస్తే చెవులు కాలుతాయి.

మామ పత్తియం భరించలేకపోయాడు. పుట్టినప్పటినుంచీ తిండి మీద ఇష్టమున్న మనిషి. నేను పులుపు లేని మిరియాల చారు, ఉప్పు తగ్గించిన బీరకాయ పెడితే రెండు ముద్దలు తిని కంచం జరిపేవాడు. ‘మన్ను తిన్నట్టుండాది. రవ్వంత ఊరగాయ పెట్టమే’ అనేవాడు. ‘ఊరగాయా? ప్రాణం మీద ఆశ లేదా నీకు?’ అని అరిచేదాన్ని. మన్ను తిన్నట్టుంది అన్న మాట ఆయన ఎన్ని పూటలు అన్నాడో. పత్తియం కూడు ఎవరికైనా అలాగే ఉంటుందనుకున్నాను.

నలభై ఎనిమిది రోజులు నిండాయి. పుండు చక్కగా మానింది. చీము చుక్క లేదు. అవ్వ కొబ్బరికాయ కొట్టింది. తర్వాతి సోమవారం మామ పట్టడకు వెళ్లి పాకం దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చొక్కాకు మాడు వాసన. బాణలి బాణలంతా నల్లగా మాడిపోయేదాకా ఆయనకు తెలియనేలేదట. పక్కవాళ్లు పరిగెత్తుకొచ్చి దించారట.

‘వాసన రాలే’ అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రోజునుంచి నేను పిచ్చిదాన్నయిపోయాను. మల్లెపూలు, కర్పూరం, కిరసనాయిలు, పొద్దున వేయించిన కాఫీగింజలు, చేతికి దొరికిందల్లా ఆయన ముక్కు కింద పెట్టి కళ్లు మూసుకోమనేదాన్ని. పాపం, నన్ను సంతోషపెట్టడానికి ఏదో ఒకటి చెప్పేవాడు. కిరసనాయిలుకు మల్లెపువ్వని చెప్పినరోజు ఇద్దరం నవ్వాం. నవ్వాక నేను వంటింట్లోకి పోయి కూర్చుండిపోయాను. చెప్పులు ఎక్కడ విప్పాడో మరిచిపోతే తుప్పేనా? పాపను మా చెల్లి పేరుతో పిలిస్తే తుప్పేనా? మామూలు మనుషులు రోజుకు పదిసార్లు మరిచిపోయే సంగతులే అవి. ఆయన మరిచిపోతే మాత్రం నాకు తుప్పే కనబడేది.

ఒక శుక్రవారం కామాక్షి దీపం తోముతున్నాను. ఇత్తడికి చిలుము పట్టి నల్లబడి ఉంది. గుప్పెడు చింతపండు తడిపి రుద్దాను. బంగారంలా మెరిసింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. చిలుమును వదిలించేది పులుపే గదా! పెళ్లయిన నాటినుంచి ప్రతి శుక్రవారం నా చేతులతో చేస్తున్న పనే గదా! డాక్టరు తుప్పుకు పులుపు ఇచ్చాడు. నేను దాన్ని అటకెక్కించాను.

దీపం అక్కడే వదిలేసి తడిచేతులతో పీటెక్కాను. ఆలస్యమైతే ఏమైంది, ఇప్పటినుంచైనా ఇస్తానని సీసా దించాను. అడుగున పది మాత్రలు కూడా లేవు. నిండుగా ఉండాల్సిన సీసా అది. ఎవరు తీశారు? అవ్వకు పీట ఎక్కే ఓపిక లేదు. మామకు ఆ సీసా సంగతే తెలియదు. ఇక మిగిలింది నారింజ మిట్టాయిలంటే ప్రాణం పెట్టే పాప.

బడినుంచి రాగానే రెక్క పట్టుకుని అడిగాను. తినలేదంది. అబద్ధమాడుతోందని కొట్టాను. తినలేదమ్మా అంది. మళ్లీ కొట్టాను. ఆ దెబ్బల్లో సగం పాపకు, సగం నాకు. అన్ని మాత్రలు తిన్న పిల్లకు ఏమవుతుందోనని భయం, మందు పోయిందని బాధ, నా తప్పు బయటపడుతుందేమోనని దడ, అంతా ఆ చిన్న వీపు మీద పడింది. అవ్వ వచ్చి విడిపించింది. మిగిలిన మాత్రలు పెరట్లో కరువేలం ముళ్లకంచెలోకి విసిరేశాను. ఆ రాత్రంతా పాప నుదురు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. పిల్ల హాయిగా నిద్రపోయింది.

తర్వాత మామ పాకం దగ్గరికి వెళ్లలేదు. బల్ల మీద పరిచిన మిట్టాయిని గీతలు పెట్టి కోసే పనిలో కూర్చున్నాడు. అక్కడ ముక్కుతో పని లేదు. పాకం దగ్గర నిలబడ్డ కొత్త కుర్రాడు చుక్క చుక్కకూ నీళ్లగిన్నె చూసుకుంటాడని ఓనరు ఒకసారి నవ్వుతూ అన్నాడు. మామ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి నాకు చెప్పి మళ్లీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ ముక్కు నా చేతుల్లో పోయింది. అది నాకు తెలుసు, అటకకు తెలుసు.

పదకొండేళ్లు గడిచాయి. అవ్వ పోయింది. పాప తిరునెల్వేలి హాస్టల్లో ఉండి నర్సింగు చదువులో చేరింది. మామకు తల తిరుగుతోందంటే, ఎవరెన్ని చెప్పినా వినకుండా, విరుదునగర్‌లో ఆ పాత డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. తుప్పు ఇన్నాళ్లకు లోపలిదాకా వచ్చిందని నా భయం. డాక్టరుకు చెంపలు నెరిశాయి. చూసి, ఇది బీపీ, తలదెబ్బకు దీనికి సంబంధం లేదన్నాడు. మామను రక్తపరీక్షకు కిందికి పంపారు. గదిలో నేనూ ఆయనే మిగిలాం.

చెప్పేశాను. సీసా, రేకులు, రబ్బరుబ్యాండు, అన్నీ. చెప్తుంటే చీర కొంగు నా వేళ్ల మధ్య తాడైపోయింది.

ఆయన కోప్పడలేదు. ‘ముక్కులోనుంచి మెదడుకు దారాల్లాంటి సన్నటి నరాలు పోతాయమ్మా. వెల్లకిలా పడ్డప్పుడు మెదడు ఊగి, ఆ దారాలు ఆ క్షణంలోనే తెగి ఉంటాయి. తెగిన దారాన్ని ఏ మాత్రా అతకదు’ అన్నాడు.

‘మరి తుప్పు?’

‘తుప్పు నిజమే. దాన్ని ఆపితే ఎలుకల మెదడు కొంత మిగిలిందని చదివాం. మనుషుల్లో చాలా మందులు వాడి చూశారు. ఇది ఖాయంగా కాపాడుతుందని చెప్పగలిగేది నాకు తెలిసి ఇంకా ఏదీ లేదు.’

నా గొంతు లేచింది. ‘అయితే ఎందుకు రాశారు సార్? పదకొండేళ్లు నేను ఉడికిపోయాను!’

‘చిన్నవాణ్ని. మేలు చేస్తే చేస్తుంది, చెడుపైతే చెయ్యదు అనుకున్నాను. ఈ మాట ఆ రోజే చెప్పానమ్మా మీకు.’

చెప్పాడేమో. ఇంకా ఏదో చెప్పాడని నాకూ గుర్తుంది.

బయటికొచ్చాక కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, ఒళ్లు మాత్రం మండుతోంది. బస్టాండు దగ్గర మామ నిమ్మకాయ సోడా తాగుతానన్నాడు. బీపీ అని ఉప్పు వెయ్యనివ్వలేదు. ఆయన ఇంకో అరకాయ పిండించుకుని, కళ్లు మూసుకుని ఒక్కో గుక్కా నోట్లో నిలిపి తాగుతున్నాడు. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించి ఆయనకూ చెప్పేశాను. పత్తియమని నీ మందు నీకివ్వలేదు మామా, అటక మీద సీసాలో దాచాను అన్నాను.

మామ గ్లాసు దించాడు. ‘ఆ నారింజ మిట్టాయిలా? అవి మందా?’

‘మందే’ అన్నాను.

‘నువ్వు పీటెక్కి పెట్టేది పండుకుని చూస్తానే ఉండాను. పాపకు దాసినావనుకున్నా. నువ్వు నీళ్లకు పోతే లేసి తిన్నా. రోజుకు ఒకటో రెండో.’

‘ఆ తలతో పీటెక్కినావా? పడితే?’

‘పడలే గదా’ అన్నాడు. ‘ఏం సేసేది? నువ్వు పెట్టేదంతా మన్ను మాదిరే ఉండె. వాసన లేకపోతే కూడుకు రుసి యాడుండాది? పులుపొకటే నాలిక్కి తెలిసె. ఊరగాయ అడిగితే నువ్వు అరిసినావు.’

సోడాకొట్టువాడు గ్లాసుకోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. మామ ఇవ్వలేదు.

‘పాపను కొడ్తా ఉంటే లోపలే ఉండా. నేను తిన్నానని సెప్పడానికి సిగ్గయిపోయింది. ఇంత మనిషి బిడ్డ మిట్టాయి దొంగిలించినాడని. ఆ దెబ్బల సద్దు ఇప్పుడు కూడా ఒకోసారి నిద్రలో వస్తాది.’

పదకొండేళ్లు నేను ఆయన మెదడు గురించే భయపడ్డాను. నోటికి ఏం తెలుస్తోందని ఒక్క పూటైనా అడిగింది లేదు. ఆయన చెప్తుంటే వినిందీ లేదు. ఆయనకు మిగిలిన ఒక్క రుచిని నలభై ఎనిమిది రోజులు నా చేతులతో కంచంలోనుంచి తీసేశాను. తుప్పు సంగతి డాక్టరు మాఫీ చేశాడు. దీన్ని ఎవరు మాఫీ చేస్తారు?

సోడాకొట్టు పక్కనే రూపాయి ఫోను ఉంది. చిల్లర వేసి హాస్టలుకు చేశాను. పాపను పిలిపించేసరికి ఇంకో రూపాయి పడింది. నాన్నకేమైందమ్మా అని గాబరాగా అడిగింది. ఏం కాలేదన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ‘నీ చిన్నప్పుడు సీసాలో నారింజ మాత్రలు పోయినాయని కొట్టినా గదా. అవి నువ్వు తినలే’ అన్నాను.

లైను తెగిందేమోనని భయపడి ఇంకో రూపాయి వేశాను.

‘నేను అప్పుడే సెప్పినా గదమ్మా’ అంది పాప.